అరుణమ్మ చుక్కలో లోహం

మా మిద్దె మీది రూములో ఉండే అరుణమ్మను గురించి ఆదోనిలో ఎవర్నడిగినా "ఆ బంగారం టీచరా?" అంటారు. ఆ మాట వింటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతాది. ఆ పిల్లకు బంగారంతో ఏ సంబంధమూ లేదు. చెవులకు పెట్టుకునేది కూడా రోల్డుగోల్డు కమ్మలే. ఆ పేరు యాడనుంచి వచ్చిందో, దానివల్ల ఆ పిల్ల ఏం పడిందో నాకంటే బాగా తెలిసినోళ్లు ఈ ఊర్లో లేరు. అందుకే నేనే చెప్తా, వినండి. మధ్యలో అడ్డం రావద్దు.

నా పేరు సులోచన. మా ఆయన రంగనాథం మార్కెట్ యార్డులో పత్తి దళారీ. పొద్దున పోయినాడంటే దీపాలు పెట్టే ఏళకు గానీ ఇల్లు చేరడు. మాకు పిల్లల్లేరు. కింద ముందు రూములో జొన్నలు, కొర్రలు, కందిపప్పు అమ్మే చిన్న అంగడి నాది. నాకు నోరు పెద్దదని పేరు. ఉన్నమాటంటే ఉలుకెక్కువ అంటారే, అట్ల నా మాటకు ఉలిక్కిపడేవాళ్లు మా వీధిలో చానామందే ఉండారు.

కరోనా సద్దుమణిగిన ఏడు అరుణమ్మ రూము అడగను వచ్చింది. ఎమ్మిగనూరు పక్క పల్లె. నాయన అబ్రహాం ఈ పిల్ల బడికి పోయే రోజుల్లోనే చచ్చిపోయినాడు. అమ్మ మద్దమ్మ కూలికి పోతాది, పత్తి తీయను, శెనక్కాయ పీకను. ఆ కూలి మీదనే ఈ పిల్ల ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివి, ఈడ ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పను కుదిరింది. "కిరస్తానీ పిల్లకు, అదీ ఒక్కదానికి, రూమెట్ల ఇస్తివి సులోచనమ్మా?" అని ఎదురింటామె అడిగింది. "నీ ఇంట్లో ఇస్తినా? నా మిద్దె, నా ఇష్టం" అంటి. ఆమె కొన్నాళ్లు నాతో మాట్లాడలే. పీడా పోయింది అనుకుంటి.

వచ్చిన కాడినుంచి ఆ పిల్లకు ఒకటే పని. కాలేజీ నుంచి వస్తాది, మొహం కడుక్కుంటాది, కంప్యూటర్ ముందర కూర్చుంటాది. ఆదివారం ఊరికి పోయి, అమ్మతో చర్చిలో కూర్చొని, మధ్యాహ్నం బస్సుకు వచ్చి మళ్లా దాని ముందరే. సినిమా లేదు, సీరియల్ లేదు, ఫోన్లో నవ్వులు లేవు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. ఒకరోజు ఉండబట్టలేక పైకి పోయి అడిగితి.

"ఏందమ్మే, ఏం చేస్తాంటావు దాంట్లో?"

"నక్షత్రాలక్కా. పీహెచ్‌డీ చేస్తాండా."

"ఏ నక్షత్రం? బయటికి రా, చూపించు."

"కంటికి కనపడదక్కా. ఇవి చానా చిన్నవి, చల్లనివి, ఎర్రనివి. ఆకాశంలో ఎక్కువ ఉండేది ఇవే. అయినా మామూలు కంటికి ఒక్కటీ కనపడదు."

నాకు తిక్క లేచింది. "కంటికి కనపడని దానికోసం బతుకంతా ధారపోస్తాండావా! కనపడేవి అన్ని ఉండాయి గదా ఆడ, వాటిలో ఒకదాన్ని పట్టుకోరాదా?"

"కనపడేవాటికి చూసేవాళ్లు మస్తుగా ఉండారక్కా" అనింది. అప్పుడు చూస్తి ఆ పిల్ల నవ్వడం, రూములో దిగినాక మొదటిసారి.

ఇంక అప్పటినుంచి సాయంత్రం నేను చేటలో పప్పు చెరుగుతాంటే కిందికొచ్చి కూర్చొని చెప్తాంటాది. చల్లనివి అంటే ఎంత చల్లన అని అడిగితే, మూడు వేల డిగ్రీలంట! "మే నెల్లో మన ఊర్లో నలభై నాలుగుకే పిట్టలు రాలిపోతాయి, మూడు వేలు చల్లనా?" అంటి. సూర్యునితో పోలిస్తే సగం చిల్లరేనంట. అంత చల్లగా ఉండేతలికి ఆ చుక్క గాలిలో నీళ్ల ఆవిరి కూడా ఉంటాదంట. "బాగుంది తల్లీ, చుక్కలో నీళ్లుండాయి, మన కుళాయిలో లేవు" అంటి. మున్సిపాలిటీ నీళ్లు ఎప్పుడొస్తాయో మున్సిపాలిటీకే తెలీదు.

నాకు అర్థమైనంతలో ఆ పిల్ల చేసే పని ఇది. పెద్ద పెద్ద దూరదర్శినులతో చుక్క వెలుగును పట్టి, ఇంద్రధనుస్సు మాదిరి విడదీసి పరిచి పెట్టింటారంట. ఎవరైనా తీసుకొని చూసుకోవచ్చంట. ఆ వెలుగులో అక్కడక్కడ నల్లగా పట్టీలు పడింటాయి. చుక్క చుట్టూ ఉండే గాలిలో ఏ పదార్థముంటే అది తన వంతు వెలుగు మింగేస్తాది, ఆ గుర్తే పట్టీ. అరుణమ్మ కంప్యూటర్లో ఒక ఉత్తుత్తి చుక్కను చేస్తాది. దానికి ఇంత వేడి, ఇంత బరువు, ఇంత లోహం అని పెట్టి, దాని వెలుగు ఎట్లుంటాదో లెక్క కట్టిస్తాది. దాన్ని నిజం చుక్క వెలుగు పక్కన పెట్టి చూస్తాది. కలవకపోతే వేడి కొంచెం పెంచి, లోహం కొంచెం తగ్గించి మళ్లా మొదలు. నేను పులుసులో ఉప్పు చూసుకునేది గూడా అట్లే, కానీ నాకు ఒక పూటతో అయిపోతాది. రెండు వెలుగులూ కలిసిన రోజు ఆ చుక్క ఎంత వేడో, ఎంత పెద్దదో, దేంతో అయిందో తేలినట్టు.

"లోహమంటే ఏం లోహం? ఇనుమా, రాగా?" అని అడిగితి.

"మా లెక్కలో హైడ్రోజన్, హీలియం తప్ప మిగిలినవన్నీ లోహాలేనక్కా. కార్బన్, ఆక్సిజన్ కూడా."

"బొగ్గు లోహం, గాలి లోహం! మీ చదువులు తగలెయ్య!" అంటి. అప్పుడు ఇద్దరం నవ్వుకున్నాం గానీ, ఆ ఒక్క మాటే తర్వాత కొంప ముంచింది.

ఆ పిల్ల ప్రాణమంతా ఒక చుక్క మీద. దానికి పేరు కూడా లేదు, నంబరే. దానికి ఎంతో ఎడంగా ఒక పెద్ద చుక్క ఉంటాది, మన సూర్యుని మాదిరిది. రెండూ ఒకే మబ్బులో పుట్టిన తోబుట్టువులు. ఒక కడుపున పుట్టినాయి కాబట్టి రెండింటిలోనూ లోహం ఒక్కతీరే ఉండాల. పెద్దదాంట్లో కొలిచేది సులభం, అదెప్పుడో ఎవరో కొలిచి పెట్టినారు, లోహం దండిగా ఉంది. చిన్నదాంట్లో మాత్రం అరుణమ్మ ఎట్ల తిప్పినా తక్కువే వస్తాంది.

యూనివర్సిటీలో ఆమె గైడు సారు ఏమన్నాడంటే, "అవి తోబుట్టువులు కావు, దారిన పోయేవి పక్కపక్కన కనపడినాయి. దాన్ని తీసి పారేసి, మిగిలిన చుక్కలతో థీసిస్ ముగించు. గడువు దగ్గర పడింది." ఈ పిల్ల ఒప్పుకోలే. "రెండూ ఒకే దిక్కుకు, ఒకే వేగంతో పోతాండాయి సార్. తోబుట్టువులే. లోహం ఉంది. నేను కట్టిన చుక్కలోనే ఏదో లోపముంది" అనింది. ఆయనకు కోపమొచ్చి ఫోన్లు తగ్గించినాడు. కాలేజీలో తోటి లెక్చరర్లకు ఇది పట్టదు. వాళ్ల గోల సిలబస్సు, అటెండెన్సు. ఆ లోపం దొరికితే డాక్టరేటు, దొరక్కపోతే ఇన్నేండ్ల కష్టం బూడిదలో పోసినట్టే. "ఈ చుక్కలో లోహముందని నమ్మే మనిషి ఒక్కరన్నా దొరికితే చాలక్కా, పీహెచ్‌డీ రాకపోయినా పర్వాలేదు" అనింది ఒకరోజు. ఆ మాట అన్నప్పుడు ఆ పిల్ల మొహం చూడలేకపోతి.

ఇంక మద్దమ్మ చేసిన పని చెప్తా. తిట్టను మనసు రాదు, నవ్వనూ మనసు రాదు.

"నీ సదువు ఎప్పుడైపోతాదమ్మా?" అని ఆమె ఫోన్లో అడిగితే ఈ పిల్ల, "లోహం రావడం లేదమ్మా, అది వస్తే అయిపోతాది" అనింది. అంతే. తర్వాతి ఆదివారం చర్చిలో ప్రార్థన మనవులు చెప్పే ఏళకు, ఒకామె కొడుకు తాగుడు మానాలనీ, ఒకాయన బోరులో నీళ్లు పడాలనీ చెప్పుకున్నాక మద్దమ్మ లేచి నిలబడింది. "నా బిడ్డ సుక్కలో లోహం యెతుకుతాండాది. యెంత యెతికినా దొరకల్యా. అది దొరకల్లని అందరూ ప్రార్థన సేయండి" అనింది. అరుణమ్మ పక్కనే తల వంచుకొని కూర్చునిందంట. చర్చంతా కండ్లు మూసుకుంది. పాస్టరు గూడా చేతులెత్తి, "ఆ లోహాన్ని బయలుపరచు తండ్రీ" అని గట్టిగా ప్రార్థన చేసినాడంట.

ఇది ఎట్లాంటి సీమ? జొన్నగిరి పక్క నాలుగు చినుకులు రాలితే చాలు, జనం వజ్రాలకని చేలల్లో వంగి రాళ్లేరుకుంటాంటారు, ఆడ నేల కింద బంగారముందని గూడా అంటారు. ఈడ లోహమంటే ఇనుమని అనుకునేంత వెర్రోళ్లు ఎవరుండారు? చర్చి గడప దాటేతలికి లోహం బంగారమైంది. సంతకు పోయేతలికి చుక్క నేలైంది. ఆదోని చేరేతలికి, "మద్దమ్మ కూతురు కంప్యూటర్లో చూసి భూమిలో బంగారం యాడుందో చెప్తాది" అయింది.

ముంగారు వానలు పడినాక ఒక పొద్దున ఒకాయన వచ్చినాడు. నడివయసు మనిషి, పంచె మోకాళ్లదాకా బురద. "టీచరమ్మ ఉండాదా? జొన్నగిరి కాశప్ప వచ్చినాడని సెప్పు" అన్నాడు. చెప్తాంటే ఆగకుండా తువ్వాల విప్పి నా జొన్నల మూట మీద రాళ్లు పరిచినాడు. నేను అరిచిన అరుపుకు అరుణమ్మ మెట్లు దిగి వచ్చింది.

"అన్నా, నేను రాళ్లు చూడను. నక్షత్రాల వెలుగు చూస్తా, అంతే."

"అంత దూరముండేదాంట్లోదే కనపడుతుంటే, ఈడ సేతిలో ఉండేది కనపడదామ్మా?"

"నక్షత్రం మండుతాది అన్నా. దాని వెలుగులో దాని గుర్తు ఉంటాది. రాయి మండదు గదా."

"మండించల్లంటావా? సెప్పు, కట్టెలు తెస్తా" అన్నాడు కాశప్ప, నిజంగానే లేస్తా.

"నా అంగట్లో మంట పెడతావా! పో, పో అవతలికి!" అని నేను చేట ఎత్తితి. ఆయన రాళ్లు మూట కట్టుకొని పోతా పోతా ఒక మాటన్నాడు: "అందరికీ సెప్తే తనకేం మిగుల్తాది? సెప్పదులే."

అదీ ఇంక పాకింది. మళ్లా ఎవరో ఒకరు, ఆస్పరి నుంచి, తుగ్గలి నుంచి వస్తానే ఉండిరి. వచ్చినోళ్లందరికీ ఆ పిల్ల ఓపిగ్గా చెప్పేది. ఒక్కరన్నా ఆ చుక్క ఏంది, అది ఎందుకు ఎర్రగుంటాది అని అడగలే. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు. కాలేజీలో ప్రిన్సిపాల్ పిలిచి "ఏందమ్మా ఈ బంగారం గోల?" అని మందలించినాడు. పిల్లోళ్లు బోర్డు మీద "గోల్డ్ మేడం" అని రాసినారు. పల్లెలో ఇంకా అన్యాయం. "దొరికింటాది, తల్లీకూతుళ్లు దాచుకునింటారు. మాతో ప్రార్థన చేయించుకొని మాకే టోపీ" అన్నారు. మద్దమ్మ ఆదోనికొచ్చి నా అంగట్లో కూలబడింది.

"శెట్టెమ్మా, నేనేం తప్పు సెప్తిని? నా బిడ్డ సెప్పిన మాటే గదా సెప్తిని!" అని కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది. అరుణమ్మ ఆమె పక్కన నేల మీద కూర్చొని, "నీ తప్పు కాదమ్మా, నా మాట తప్పు" అనింది. ఆ తర్వాత తల్లీకూతుళ్లు చర్చికి పోవడం తగ్గించుకున్నారు. పోయినా వెనక వరసలో కూర్చొని, ముగియకముందే లేచి వచ్చేవాళ్లు. ఆ పిల్లకు చర్చిలో ఉన్న ఆ నలుగురు మనుషులు గూడా అట్ల పోయినారు.

దసరా సెలవుల్లో ఒక మధ్యాహ్నం చెప్పులు లేకుండా దబదబా దిగి వచ్చింది. "అక్కా! దొరికింది!"

"ఏంది, తాళంచెవా?"

"లోహమక్కా!" అని నా చేతులు పట్టుకుంది. "ఆ చుక్క గాలిలో ముందు కార్బన్, ఆక్సిజన్ ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంటాయి. వాటికి పోగా మిగిలిన ఆక్సిజనే టైటానియం అనే లోహానికి జత. ఆ జత వల్లనే పెద్ద పెద్ద పట్టీలు పడేది. ఈ చుక్కలో కార్బన్ మామూలుకంటే ఎక్కువక్కా. ఉన్న ఆక్సిజన్‌ను అదే ఎత్తుకొని పోయింది. టైటానియంకు జత దొరకలే. పట్టీలు సన్నబడినాయి. మేమేమో పట్టీలు చూసి లోహమే తక్కువ అనుకున్నాం. తక్కువ కాదు, ఒంటరిగా ఉంది. ఒంటరిదానికి సన్న గీతలు మాత్రం ఉంటాయి. వాటిని వెతికి చూస్తే, ఉండాయక్కా! బలంగా ఉండాయి!"

పెద్ద చుక్కలో గూడా కార్బన్ అంతే ఎక్కువుందంట, అదీ సరిచూసుకుంది. నాకు అంతా అర్థమైందని అబద్ధం చెప్పను. కానీ జత దొరకలే, ఒంటరిగా ఉంది అన్న మాట మాత్రం అర్థమైంది. బొరుగులు నానేసి ఉగ్గాని కలిపి, మిరపకాయ బజ్జీలు వేసి పెట్టితి. తింటా తింటా అమ్మకు ఫోన్ చేసింది. "చర్చిలో సెప్పనా?" అని మద్దమ్మ ఆడనుంచి అడగడం నాకూ వినపడింది. "వద్దమ్మా, వద్దు" అనింది. ఇద్దరూ నవ్వినారు. నవ్వు తొందరగానే ఆగిపోయింది.

అంతా రాసి గైడు సారుకు పంపింది. "చూస్తా" అన్నాడు. దీపావళి పోయింది, శివరాత్రి పోయింది, ఉగాది పోయింది. మళ్లా అడిగితే, "పేరు మోసినోళ్లకు కనపడని లోపం ఆదోనిలో కూర్చున్న నీకు కనపడిందా? తొందరపడి నవ్వులపాలు కావద్దు, ఇంకోసారి సరిచూడు" అన్నాడు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడు. "ఆయన్నెందుకు అడుగుతావు, నువ్వే నేరుగా పంపు" అంటి. సారు సంతకం లేనిదే ఏదీ ముందుకు పోదంట. నేనే ఆయనకు ఫోన్ చేసి నాలుగు దులుపుదామని మా ఆయనతో అంటే, "కందకు లేని దురద కత్తిపీటకెందుకు?" అన్నాడు. ఈ పిల్ల మళ్లా సరిచూసింది. మళ్లా అదే వచ్చింది. మాట తగ్గిపోయింది. కిందికొచ్చినా చేటలో పప్పు చూస్తా కూర్చునేది.

ఎండలు ముదిరినాక ఒకరోజు పైన ఫోన్ మోగింది. కాసేపటికి అరుణమ్మ "అక్కా, పైకి రా" అని పిలిచింది. అంగడి తలుపు దగ్గరేసి పోతి.

సారు ఫోనంట. యాడో నాకు నోరు తిరగని దేశంలో ఒకామె ఇదే మాట రాసిందంట. చుక్క వేరే, కథ అదే: ఎక్కువైన కార్బన్, జత దొరకని టైటానియం, సన్న గీతలు. అచ్చు గూడా అయిపోయిందంట. "ఇంక భయం లేదు, ఆమె చెప్పినట్టే నాకూ వచ్చిందని రాసెయ్, సంతకం పెడతా" అన్నాడంట ఆ మహానుభావుడు.

నాకు ఒళ్లు మండిపోయింది. "వాని నోట్లో మన్ను పడ! ముందు చూసింది నువ్వు! దసరా నుంచి కింద పెట్టుకొని కూర్చొని, ఇప్పుడు ఎవరో చెప్పినట్టు రాయమంటాడా! నీ కష్టమంతా..." అని నేను అరుస్తానే ఉండా. తిరిగి చూస్తే ఆ పిల్ల నవ్వుతాంది. కండ్లనిండా నీళ్లు, నవ్వుతాంది.

"ఇట్ల రా అక్కా, చూడు" అని కంప్యూటర్లో ఒక బొమ్మ చూపించింది. కొండల మాదిరి ఎగుడుదిగుడు గీత. "ఇదిగో, ఈ సన్న గీత. నేను పట్టుకున్నదీ ఇదే. ఆమె గూడా దీన్నే పట్టుకుంది!"

"ఏడ్చాల్సింది పోయి నవ్వుతావేందే?"

"నీకు తెలీదక్కా. ఇన్నేండ్లు ఒక్కదాన్నే ఉండా. చెప్పుకునేదానికి ఒక్కరంటే ఒక్కరు లేరు. నాకే పిచ్చేమో అనుకున్న రోజులుండాయి. ఇప్పుడు నాకొక మనిషి ఉందక్కా."

ఒక్కరంటే ఒక్కరు లేరు అనింది. ఇన్నేండ్ల సాయంత్రాలు నేను ఆ పిల్లకు తోడున్నా అనుకుంటాంటి. నిజం చెప్పాలంటే ఆ పిల్లే నాకు తోడు. పొద్దు వాలితే మెట్ల మీద ఆ అడుగుల చప్పుడు కోసమే చెవులు రిక్కించుకొని కూర్చునేదాన్ని. ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారంటారు. ఇన్నేండ్లు సావాసం చేసినా ఆ పిల్ల లెక్కలో నేను మనిషిని కాలే.

"మరి నేనెవర్నే?" అంటి. వీధి చివరికి వినపడే నా గొంతు, ఆ మాట నాకే సరిగ్గా వినపడలే.

అరుణమ్మ నా పక్కకు తిరిగి నా చేయి పట్టుకుంది. "నువ్వు అక్కవి గదా!" అనింది. ప్రేమగానే అనింది, అందులో ఏ కల్మషమూ లేదు. అని, కుర్చీ ముందుకు జరుపుకొని, ఆ దేశపామెకు రాయను మొదలుపెట్టింది.

నేను కిందికి దిగి వచ్చి అంగట్లో కూర్చుంటి. పైన టకటకా టైపు చేసే చప్పుడు. పొద్దు గూకేదాకా అది ఆగలే. ఆ పిల్ల ఎవరితోనైనా అంతసేపు మాట్లాడటం నేనెప్పుడూ వినలే.